అమెరికా అగ్రహారాలు - అభ్యుదయవాదుల మొహమాటాలు

1

అమెరికా పట్టణాలలో ఒక రకం చట్టం ఉంది. ఊరిలో ఫలానా హద్దుల మధ్య ఒక్కొక్క స్థలంలో ఒక్కొక్క కుటుంబానికి ఒక్కొక్క విడి ఇల్లు మాత్రమే ఉండాలి. రెండు వాటాల ఇల్లు కట్టినా తప్పే, నాలుగు వాటాల ఇల్లు కట్టినా తప్పే. అపార్టుమెంటు సంగతి చెప్పనే అక్కరలేదు. దీన్ని జోనింగు అంటారు. ఇదేదో ఒక మూల ఊరి చాదస్తం కాదు. 2019లో వెలువడిన లెక్కల ప్రకారం, నివాసానికి కేటాయించిన భూమిలో లాస్ ఏంజెలిస్‌లో 75 శాతం, సియాటిల్‌లో 81 శాతం, సాన్ హోసేలో 94 శాతం ఇట్లా విడి ఇళ్ళకే అంకితమై ఉండింది. ఆ తర్వాత కొన్ని రాష్ట్రాలు ఈ కట్టును సడలిస్తూ చట్టాలు చేశాయి: ఆరెగాన్ 2019లో, కాలిఫోర్నియా 2021లో.

సడలింపు మాట ఎత్తగానే చుట్టుపక్కల ఇళ్ళ యజమానులు ఏకమవుతారు. కౌన్సిలు సమావేశాలు నిండిపోతాయి. అర్జీలు వెళతాయి. లాయర్లు వస్తారు. వాళ్ళెవరూ పేదలంటే గిట్టదని చెప్పరు. పేదలకు ఇళ్ళు కావాలనే అంటారు, కాని ఈ వీధిలో వద్దంటారు. ఏ వీధికి వెళ్ళి అడిగినా ఆ వీధివాళ్ళూ అదే మాట అంటారు.

ఆస్తి ఉన్నవాడు ఆస్తిని కాపాడుకోవటంలో వింత లేదు. వింత అల్లా మన మిత్రులలో కొందరు వాళ్ళను వెనకేసుకు రావటం. వీరి వాదం వినటానికి బాగానే ఉంటుంది. అపార్టుమెంట్లు కట్టేవాడు బిల్డరు, బిల్డరు పెట్టుబడిదారు, అంచేత బిల్డరును ఎదిరించేవాడు పెట్టుబడిని ఎదిరిస్తున్నాడు, పెట్టుబడిని ఎదిరించేవాడు మనవాడు. మూడు మెట్లలో మేడ ఎక్కేశారు. ఈ మెట్లు నిలుస్తాయో కూలుతాయో చూడటమే ఈ వ్యాసం పని.

ఎక్కడో అమెరికాలో గోడల తగాదా మనకెందుకని ఎవరైనా అడగవచ్చు. ఆ గోడల లోపల ఇప్పుడు మన తెలుగు కుటుంబాలు వేలకు వేలు ఉన్నాయి. అంతకన్న ముఖ్యమైన కారణం మరొకటుంది. ఒక తగాదాలో ఎవరి పక్షం వహించాలో నినాదాన్ని బట్టి నిర్ణయించుకొనేవాడు, రేపు తన ఊరిలో తగాదా వచ్చినా అట్లాగే నిర్ణయించుకుంటాడు.

2

ముందు ఈ చట్టం పుట్టుక చూద్దాం. ఒక వ్యవస్థ దేనికోసం పుట్టిందో తెలియకుండా అది ఏం చేస్తున్నదో పూర్తిగా అర్థం కాదు.

విడి ఇళ్ళకు మాత్రమే కేటాయించిన ప్రాంతాన్ని చట్టంలో మొట్టమొదట ఏర్పరచింది కాలిఫోర్నియాలోని బర్క్‌లీ నగరం. సంవత్సరం 1916, పేట పేరు ఎల్మ్‌వుడ్. దీనికి పాటుపడినవారిలో ప్రముఖుడు డంకన్ మెక్‌డఫీ. ఆయన స్థలాల వ్యాపారి, అంటే మన మిత్రులు ఏ బిల్డరు పేరు చెబితే మండిపడతారో ఆ బిల్డరే. తాను అమ్మే స్థలాల దస్తావేజులలో తెల్లవారు కానివారికి అమ్మరాదని, అద్దెకివ్వరాదని షరతులు రాయించినవాడు. దస్తావేజు తాను అమ్మిన స్థలానికే వర్తిస్తుంది. పక్క స్థలానికి కూడా వర్తించాలంటే చట్టం కావాలి. ఆ చట్టమే జోనింగు.

అప్పటికి కొన్ని నగరాలు ఇంకా సూటి దారి పట్టి ఉన్నాయి. కెంటకీ రాష్ట్రంలో లూయివిల్ నగరం, తెల్లవారు ఎక్కువగా ఉన్న వీధిలోకి నల్లవారు కాపురం రాకూడదని శాసనమే చేసింది. 1917లో సుప్రీంకోర్టు దాన్ని కొట్టివేసింది. నల్లవాడి గౌరవం కోసమని సంబరపడనక్కరలేదు. తెల్లవాడికి తన ఆస్తిని ఇష్టమొచ్చినవాడికి అమ్ముకొనే హక్కు పోతున్నదని కొట్టివేసింది. అయినా ఆ తీర్పు వల్ల ఒక సంగతి తేలిపోయింది: చట్టంలో రంగు పేరు ఎత్తితే నిలవదు. రంగు పేరు ఎత్తకుండా ఆ పనే చేయటానికి డబ్బు పేరు చాలు. ఇంత స్థలం ఉండాలి, ఇంత ఇల్లు ఉండాలి, ఒకే కుటుంబం ఉండాలి అంటే, అంత డబ్బు లేనివాడు తనంతట తానే ఆగిపోతాడు. గుమ్మం దగ్గర కర్ర పట్టుకొని ఎవరూ నిలబడనక్కరలేదు.

1926లో ఒహాయో రాష్ట్రంలోని యూక్లిడ్ గ్రామం కేసులో సుప్రీంకోర్టు జోనింగుకు రాజముద్ర వేసింది. అంతకు రెండేళ్ళ ముందు కింది కోర్టు జడ్జి వెస్టెన్‌హేవర్, ఈ చట్టం జనాన్ని వారి ఆదాయాన్ని బట్టి, హోదాను బట్టి వర్గీకరించి విడదీస్తున్నదని ఉన్నమాట రాసి దాన్ని కొట్టివేశాడు. పై కోర్టు ఆ మాట పట్టించుకోలేదు. పైగా జస్టిస్ సదర్లాండ్ తన తీర్పులో, విడి ఇళ్ళ పేటలో అపార్టుమెంటు తరచు పరాన్నభుక్కు వంటిదన్నాడు. ఆ మాట దగ్గర కొంచెం ఆగుదాం. అపార్టుమెంటులో ఉండేది మిల్లు కార్మికుడు, గుమాస్తా, బడిపంతులు, ఇతరుల ఇళ్ళలో పని చేసే ఆడమనిషి. పొద్దున లేచి ఆ విడి ఇళ్ళలో వంట చేసేదీ, వాళ్ళ ఆఫీసుల్లో లెక్కలు రాసేదీ, వాళ్ళ పిల్లలకు పాఠాలు చెప్పేదీ వీళ్ళే. ఎవరి అన్నం ఎవరు తింటున్నారనేది జడ్జిగారికి తలకిందులుగా కనిపించింది. నూరేళ్ళుగా అదే చూపు అక్కడి పేటలను పాలిస్తున్నది.

తర్వాతి చరిత్ర క్లుప్తంగా చెప్పవచ్చు. 1934లో ఏర్పడిన కేంద్ర గృహనిర్మాణ సంస్థ ఇళ్ళ అప్పులకు హామీ ఇచ్చింది. నల్లవారు ఉండే పేటలకు మాత్రం ఇవ్వ నిరాకరించింది. జాతి షరతులున్న దస్తావేజులను కోర్టులు అమలు చేయరాదని 1948లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ఇళ్ళ విషయంలో జాతి వివక్ష నేరమని 1968లో చట్టం వచ్చింది. దస్తావేజులలోని షరతు చచ్చిపోయింది. జోనింగు చావలేదు. ఎందుకు చస్తుంది? దానిలో ఎవరి జాతి పేరూ లేదు గదా!

ఈ ఇళ్ళ రాజకీయాన్ని ఒక బిల్డరే అందరికన్న బాగా అర్థం చేసుకున్నాడు. తెల్లవారికి మాత్రమే అన్న షరతుతో 1947 నుంచి లెవిట్‌టౌన్ అనే కాలనీలు కట్టిన విలియం లెవిట్, సొంత ఇల్లూ స్థలమూ ఉన్నవాడు కమ్యూనిస్టు కాలేడని, అతనికి ఇంటి పనితోనే సరిపోతుందని 1948లో అన్నాడు. 1957లో పెన్సిల్వేనియాలోని లెవిట్‌టౌన్‌కు మొదటి నల్లజాతి కుటుంబం కాపురం వచ్చినప్పుడు, ఇంటి పనితో సరిపోవలసిన ఆ యజమానులకు రాత్రుళ్ళు గుంపులు కూడి ఆ ఇంటిమీద రాళ్ళు రువ్వటానికి మాత్రం తీరిక దొరికింది.

3

ఇక ఒక ఊరి కథ వివరంగా చెప్పాలి. ఎందుకంటే ఇళ్ళ యజమానుల వాదనలన్నీ ఆ ఊరిలో వినిపించాయి. ఆ వాదనలు నిజమో అబద్ధమో తేలటం కూడా ఆ ఊరిలోనే జరిగింది.

న్యూజెర్సీ రాష్ట్రంలో, ఫిలడెల్ఫియా నగరానికి దగ్గరగా, మౌంట్ లారెల్ అనే ఊరుంది. ఒకప్పుడు అదంతా పొలాలు. నల్లజాతి కుటుంబాలు కొన్ని తరతరాలుగా అక్కడ పని చేసుకొని బతుకుతున్నాయి. రెండో ప్రపంచయుద్ధం తర్వాత పెద్ద రహదారులు వచ్చాయి, పొలాలు ప్లాట్లయ్యాయి, నగరంలోని ఉద్యోగులు వచ్చి ఇళ్ళు కట్టుకున్నారు. స్ప్రింగ్‌విల్ పేటలోని పేదలు కోళ్ళగూళ్ళను ఇళ్ళుగా మార్చుకొని కాపురాలు చేస్తుండేవారు. ఇవి మనుషులుండటానికి పనికిరావని మునిసిపాలిటీ తేల్చింది. ఆ తేల్చటం సబబే. కాని వాటికి బదులు ఇళ్ళు చూపించే బాధ్యత తనదనుకోలేదు. పేటవాళ్ళు తామే ఒక సంఘంగా ఏర్పడి, 36 వాటాలు కట్టుకొంటామని, అనుమతి ఇమ్మని అడిగారు.

మూడు వేలు కాదు, మూడు వందలు కాదు, ముప్పై ఆరు. ఊరివాళ్ళకే, ఊరిలో పుట్టి పెరిగినవాళ్ళకే. మునిసిపాలిటీ ఒప్పుకోలేదు. 1970లో మేయరు వాళ్ళ చర్చికే వచ్చి, ఈ ఊరిలో ఉండే స్తోమత లేకపోతే వెళ్ళిపోవలసిందేనని చెప్పి వెళ్ళాడు.

1971లో వాళ్ళు కోర్టుకు వెళ్ళారు. ముందు నిలబడ్డ ఆమె పేరు ఎథెల్ లారెన్స్, పసిపిల్లల బడిలో టీచరు. 1975లో న్యూజెర్సీ సుప్రీంకోర్టు గొప్ప తీర్పు చెప్పింది. పెరుగుతున్న ప్రతి ఊరూ ఆ ప్రాంతంలోని పేదల గృహావసరాలలో తన న్యాయమైన వంతును భరించాలన్నది. తీర్పు వచ్చింది గాని ఇల్లు రాలేదు. ఊరు తీర్పును పాటించిన పద్ధతి చూడండి: ఎవరూ కట్టరని తెలిసిన చోట్ల మూడు ముక్కలు ఏరి, మొత్తం 20 ఎకరాలు, ఇదిగో పేదలకు కేటాయించామన్నది. మళ్ళీ కోర్టు. 1983లో రెండో తీర్పు, మొదటిదానికన్న కఠినంగా. 1985లో రాష్ట్ర శాసనసభ ఒక చట్టం చేసి అందులో ఒక సందు పెట్టింది: ధనిక ఊరు తన వంతులో సగందాకా డబ్బు చెల్లించి పేద నగరానికి అప్పజెప్పవచ్చు. పాపానికి ప్రాయశ్చిత్తం రొక్కంగా చెల్లించే పద్ధతి మన పురోహితులు మాత్రమే కనిపెట్టలేదన్నమాట. ఆ సందు 2008లో గాని మూతబడలేదు.

ఎథెల్ లారెన్స్ 1994లో చనిపోయింది. ఆమె పేరుతో కట్టిన ఇళ్ళలోకి మొదటి కాపురాలు వచ్చింది 2000లో. ముప్పై ఏళ్ళు. అడిగిన నాడు ఒళ్ళోని పాప, తాళంచెవి చేతికి వచ్చేనాటికి తానే తల్లి. ఈ ముప్పై ఏళ్ళలో ఊరు చెప్పిన వాదనలు అందరికీ తెలిసినవే: ఇళ్ళ ధరలు పడిపోతాయి, దొంగతనాలు పెరుగుతాయి, పన్నులు పెరుగుతాయి, బడులు చెడిపోతాయి.

ఇళ్ళు వచ్చాయి. మొత్తం 140 వాటాలు. సాంఘిక శాస్త్రవేత్త డగ్లస్ మాసీ, ఆయన సహచరులు అక్కడ ఏళ్ళ తరబడి పరిశోధన చేసి 2013లో పుస్తకంగా ప్రకటించారు. చుట్టుపక్కల పేటలను, అటువంటివే అయిన ఇతర ఊళ్ళను పక్కపక్కన పెట్టి పోల్చారు. ఈ ఇళ్ళవల్ల ధరలు పడలేదు, నేరాలు పెరగలేదు, పన్నులు పెరగలేదు. పక్క వీధులలో చాలామందికి అక్కడ అటువంటి ఇళ్ళున్నాయన్న సంగతే తెలియదు! ఇక లోపలికి వచ్చినవారి స్థితి, దరఖాస్తు పెట్టుకొని ఇంకా ఇల్లు దొరకనివారితో పోలిస్తే, ఉద్యోగంలోనూ రాబడిలోనూ మెరుగుపడింది. పిల్లల చదువులకు వీలు చిక్కింది.

ముప్పై ఏళ్ళు ఊరిని వణికించిన భూతం, వచ్చి పక్కన కూర్చుంటే కంటికి కూడా ఆనలేదు. ఆ భూతాన్ని చూపి నిరాకరించినవి మాత్రం నిజమైన ఇళ్ళు, నిజమైన మనుషులకు.

4

ఇప్పుడు ఇళ్ళ యజమానుల వాదనలను ఒకటొకటిగా తీసుకుందాం.

మొదటిది, ఆస్తి విలువ. విడి ఇంటి విలువ ఎక్కడినుంచి వస్తున్నది? కొయ్యా ఇటుకా ఏటేటా పాతబడి విలువ కోల్పోతాయి. పెరిగేది నేల ధర. నేల ధర యజమాని చెమటతో పెరగలేదు. చుట్టూ నగరం పెరగటంవల్ల, ఉద్యోగాలు రావటంవల్ల, రోడ్లు పడటంవల్ల పెరిగింది. అంటే సమాజం సృష్టించిన విలువ. దాన్ని ఒకడు నేలకు యజమాని అయినందుకు మాత్రమే వసూలు చేసుకోవటాన్నే అర్థశాస్త్రం భూమిశిస్తు అంటుంది. కొత్త ఇళ్ళు రాకుండా ఆపటమంటే కొరత సృష్టించటం. కొరత సృష్టించి ధర పెంచుకొనే బియ్యం వ్యాపారిని మనం దొంగనిలవదారు అంటాం. ఇంటి వ్యాపారం కూడా అదే అయినప్పుడు దానికి 'పేట స్వభావాన్ని కాపాడటం' అని పెద్ద పేరెందుకు? కాలిఫోర్నియా యజమానులు 1978లో ఓటింగు ద్వారా ఇంటి పన్నును విలువలో ఒక శాతానికి కట్టిపడేసుకున్నారు. ఇల్లు చేతులు మారేదాకా పన్ను లెక్కించే విలువ ఏటికి రెండు శాతానికి మించి పెరగకూడదన్నారు. ధర పెరిగినప్పుడు లాభం నాది, పన్ను అడిగినప్పుడు నేను సామాన్యుణ్ణి!

రెండోది, బడులు. అమెరికాలో బడుల ఖర్చులో చాలాభాగం స్థానిక ఆస్తిపన్నునుంచి వస్తుంది. అంచేత ఖరీదైన ఇళ్ళున్న చోట మంచి బడి ఉంటుంది. మంచి బడి ఉన్నచోట ఇళ్ళ ఖరీదు ఇంకా పెరుగుతుంది. ఉచిత విద్య అంటారు గాని దాని ఫీజు ఇంటి ధరలో కలిపి వసూలు చేస్తారు. అపార్టుమెంటు రాకూడదనటంలో అసలు అర్థం, ఆ ఫీజు కట్టకుండా ఎవరి పిల్లవాడూ ఆ బల్లమీద కూర్చోకూడదని. ఉపాధ్యాయులమైన మనం కనీసం ఈ వాదం దగ్గరైనా తల ఊపకూడదు.

మూడోది, అన్నిటికన్న కొత్తది, పర్యావరణం. గాలికోసం, నీటికోసం వచ్చిన చట్టాలు ఇళ్ళు ఆపటానికి ఆయుధాలైనాయి. మినియాపొలిస్ నగరం 2018లో విడి ఇళ్ళ నియమాన్ని రద్దుచేసే ప్రణాళికను ఆమోదిస్తే, పర్యావరణ చట్టం కింద దావా వేసి ఏళ్ళ తరబడి కోర్టుల్లో తిప్పారు. 2024లో శాసనసభ జోక్యం చేసుకుంటే గాని తగాదా తీరలేదు. నిజం చెప్పాలంటే, ఒక్కొక్క కుటుంబానికి విడి స్థలం కావాలంటే ఊరు మైళ్ళకు మైళ్ళు పాకుతుంది, పొలాలను మింగుతుంది, పాల పొట్లానికి కూడా కారు వేసుకొని వెళ్ళవలసి వస్తుంది. ముందు నాలుగు చెట్లు, వెనక రెండు కార్లు. దీని పేరు ప్రకృతి ప్రేమ!

ఈ వాదం ఎంతదూరం పోగలదో బర్క్‌లీ చూపించింది. అక్కడి విశ్వవిద్యాలయం విద్యార్థులను ఎక్కువగా చేర్చుకొంటున్నదని పేటవాసుల సంఘం దావా వేస్తే, 2022లో మూడువేల సీట్లు తగ్గించవలసిన పరిస్థితి వచ్చింది. శాసనసభ హడావిడిగా చట్టం మార్చి ఆపింది. 2023లో మరో కేసులో అప్పీలు కోర్టు, హాస్టలులో చేరే విద్యార్థులు చేసే సందడిని కూడా పర్యావరణ దుష్ఫలితంగా పరిశీలించాలని తీర్పు చెప్పింది. ఫ్యాక్టరీ పొగ, మురుగునీరు, విద్యార్థి! మళ్ళీ చట్టం మార్చారు. 2024లో రాష్ట్ర సుప్రీంకోర్టు ఆ తీర్పును తోసిపుచ్చింది. కాని 'పరాన్నభుక్కు' అన్న 1926 నాటి మాటకూ, విద్యార్థిని కాలుష్యంగా లెక్కగట్టిన 2023 నాటి మాటకూ ఉన్న చుట్టరికం పాఠకులు గమనించే ఉంటారు.

5

ఇక మన మిత్రుల బిల్డరు వాదానికి వస్తాను.

యజమానులు ఎదిరిస్తున్నది బిల్డరునేనని, పెట్టుబడినేనని ఎట్లా తేల్చాలి? దీనికి సులభమైన పరీక్ష ఉంది. లాభంకోసం కట్టే బిల్డరు లేనిచోట వాళ్ళు ఏం చేశారో చూడాలి. మౌంట్ లారెల్‌లో ఇళ్ళడిగింది పేదల సంఘం, చివరకు కట్టింది లాభాపేక్ష లేని సంస్థ. ముప్పై ఏళ్ళు అడ్డుకున్నారు. షికాగో నగరం దగ్గరి ఆర్లింగ్టన్ హైట్స్‌లో ఒక మతసంస్థ తన స్థలంలో కొంతభాగం ఇచ్చి, తక్కువ రాబడి కుటుంబాలకు 190 వాటాలు కట్టిద్దామన్నది. ఊరు ఒప్పుకోలేదు. 1970 జనాభా లెక్కల ప్రకారం ఆ ఊరి జనం 64,000. అందులో నల్లవారు 27 మంది. వేలు కాదు, ఇరవై ఏడుగురు. వివక్ష ఫలితం కనబడితే చాలదు, వివక్ష ఉద్దేశం రుజువు కావాలని 1977లో సుప్రీంకోర్టు ఊరినే గెలిపించింది. కాలిఫోర్నియాలో ఇంకా సూటిగా పోయారు. ప్రభుత్వం పేదలకు తక్కువ అద్దె ఇళ్ళు కట్టాలంటే ఆ ఊరి ఓటర్ల అనుమతి ఉండాలని 1950లో రాజ్యాంగంలోనే రాసుకున్నారు. ధనికుల ఇళ్ళకు ఓటు అక్కరలేదు. పేదల ఇళ్ళకే ఓటు. 1968లో సాన్ హోసే ఓటర్లు అట్లా వచ్చిన ప్రతిపాదనను తిరస్కరించారు. 1971లో సుప్రీంకోర్టు ఈ నిబంధన చెల్లుతుందన్నది. పేదరికాన్ని బట్టే మనుషులను వేరు చేస్తున్నారని జస్టిస్ మార్షల్ అసమ్మతి తీర్పు రాశాడు.

ఒకచోట మతసంస్థ, ఒకచోట పేదల సంఘం, ఒకచోట ప్రభుత్వం. ఈ మూటిలో బిల్డరు ఎక్కడ? మూడుచోట్లా ఉన్నది ఒక్కటే: అద్దెకు వచ్చే పేదవాడు. వాళ్ళు ఎదిరించింది అతన్ని. బిల్డరు ఉన్నచోట బిల్డరు పేరు చెప్పటం వాళ్ళకు సౌకర్యం, అంతే. ఆ సౌకర్యానికి మనం ఎర్ర రంగు పూసి ఇవ్వటం ఎందుకు?

అట్లాగని ఎత్తైన కట్టడమల్లా అభ్యుదయమని నేననటం లేదు. బాస్టన్ నగరంలోని వెస్ట్ ఎండ్ పేటను 1950ల చివరలో మురికివాడ అని పేరుపెట్టి నేలమట్టం చేశారు. ఇటలీనుంచి, తూర్పు యూరపునుంచి వచ్చిన శ్రామిక కుటుంబాలు చెల్లాచెదరైనాయి. ఆ స్థానంలో లేచినవి ధనికుల టవర్లు. ఆ పేటవాళ్ళు ఎదిరించారు, వాళ్ళు ఎదిరించటం న్యాయం. హైదరాబాదులో కట్టడాల వైశాల్యానికి పరిమితిని 2006లో ఎత్తివేశారు. కోకాపేటలో ఆకాశం అంటే మేడలు లేచాయి. ఆ మేడలకు ఇటుక మోసిన పాలమూరు కూలికి వాటిలో మెట్టుకింద చోటు కూడా దొరకలేదు. బిల్డరు లాభం వచ్చేది కడతాడు. లాభం పేదవాడి ఇంట్లో ఉండదు.

మరి వెస్ట్ ఎండ్ శ్రామికుడు చేసిందీ, మౌంట్ లారెల్ యజమాని చేసిందీ ఒకటేనా? ఇద్దరూ కొత్త కట్టడం వద్దన్నారు. పైపైన చూస్తే ఒకటే. కాని మొదటివాడు తనను బయటికి గెంటవద్దంటున్నాడు. రెండోవాడు ఇతరులను లోపలికి రానివ్వనంటున్నాడు. మొదటివాడికి పోయేది తలదాచుకొనే చోటు. రెండోవాడికి పోతుందనుకొనేది కూర్చున్నచోట పెరిగే ధర. పిడికిలి బిగించిన ప్రతివాణ్ణీ విప్లవకారుడనుకొనేవాడు, డబ్బు పిడికిట్లో దాచుకున్నవాణ్ణి కూడా సోదరుడా అని కౌగిలించుకుంటాడు.

ఈ పొరపాటు బర్క్‌లీలో కళ్ళెదుట జరిగింది. అక్కడ పీపుల్స్ పార్కు అనే స్థలం ఉంది. 1969లో విద్యార్థులూ ప్రజలూ దాన్ని తమదిగా చేసుకొంటే పోలీసులు కాల్పులు జరిపారు, ఒక యువకుడు చనిపోయాడు. ఆ చరిత్ర గౌరవించదగ్గది. కాని అదే స్థలంలో దాదాపు 1100 మంది విద్యార్థులకూ, నూరుమందికి పైగా ఇల్లు లేనివారికీ గదులు కట్టాలన్నప్పుడు, పాత పోరాటం పేరు చెప్పే అభ్యుదయవాదులూ, సందడికి విసుగుపడే పేటవాసులూ ఒకే పక్షాన తేలారు. మొదటివారికి జ్ఞాపకం ముఖ్యం, రెండోవారికి నిశ్శబ్దం ముఖ్యం. ఈ రెంటి మధ్యా పడుకోవటానికి చోటు కావలసినవాడు ఎవరికీ ముఖ్యం కాలేదు.

1872లో ఎంగెల్స్ ఇళ్ళ సమస్యపై వ్యాసాలు రాస్తూ, బూర్జువా వర్గం ఈ సమస్యను పరిష్కరించదని, ఒకచోటునుంచి మరొకచోటికి జరుపుతుందని నిరూపించాడు. సొంత ఇల్లు ఇచ్చి కార్మికుణ్ణి చిన్న ఆస్తిపరుడుగా మార్చటమే మందు అన్నవారిని కూడా ఆయన ఉతికి ఆరేశాడు. లెవిట్ 1948లో గర్వంగా చెప్పిన సంగతి ఎంగెల్స్ అంతకు ముందే హెచ్చరికగా చెప్పాడు. ఇద్దరూ ఒకే సత్యాన్ని ఎదురెదురు ఒడ్డులనుంచి చూశారు.

మరి శ్రామికవర్గం పక్షాన నిలబడి ఇళ్ళు కట్టటం సాధ్యమా? సాధ్యమేనని వియన్నా నగరం రుజువు చేసింది. మొదటి ప్రపంచయుద్ధం తర్వాత అక్కడ నగరపాలన చేపట్టిన సోషలిస్టులు 1923లో గృహనిర్మాణ పన్ను వేశారు. పెద్ద ఇంటివాడికి పెద్ద పన్ను, చిన్న ఇంటివాడికి నామమాత్రం. ఆ డబ్బుతో కార్మికుల ఇళ్ళు కట్టారు. 1930లో పూర్తయిన కార్ల్ మార్క్స్ హోఫ్ పొడవు కిలోమీటరు పైచిలుకు, వాటాలు 1382. స్థలంలో కట్టడం ఆక్రమించింది ఐదోవంతుకన్న తక్కువ. మిగిలినదంతా తోటలు, పిల్లల ఆటస్థలాలు. బట్టలుతికే చోట్లు, గ్రంథాలయం అందులోనే. జనం ఒత్తుగా ఉంటే పచ్చదనం పోతుందనేవారికి ఇంతకన్న సమాధానం అక్కరలేదు. అన్నిటికన్న గమనించదగ్గది, అది ఉన్నది డోబ్లింగ్ ప్రాంతంలో, అంటే విల్లాలకు పేరుపడ్డ సంపన్నుల పక్కన. 1934 ఫిబ్రవరిలో ఫాసిస్టు ప్రభుత్వం ఆ ఇళ్ళమీద ఫిరంగులు పేల్చింది. తమకు ఏది ప్రమాదమో పాలకవర్గానికి బాగా తెలుసు. మనకే ఒక్కొక్కప్పుడు తెలియదు.

6

చివరగా మన ఇంటి సంగతి.

1923లో అమెరికా సుప్రీంకోర్టు భగత్ సింగ్ థిండ్ కేసులో, భారతీయుడు తెల్లవాడు కాడని, కనుక పౌరుడు కాలేడని తీర్పు చెప్పింది. పౌరుడు కాలేనివాడు కాలిఫోర్నియాలో సేద్యపు భూమి కొనరాదు. 1965లో వలస చట్టం మారాక గదా మన డాక్టర్లూ ఇంజనీర్లూ వేల సంఖ్యలో వెళ్ళగలిగింది. ఆ మార్పును సాధ్యం చేసిన గాలి నల్లవారి పౌరహక్కుల పోరాటంనుంచి వీచింది. లాఠీదెబ్బలు వాళ్ళు తిన్నారు. తెరుచుకున్న తలుపులోనుంచి మనమూ వెళ్ళాం. ఈనాడు ఎడిసన్‌లో, ఫ్రీమాంట్‌లో, ఫ్రిస్కోలో పెద్ద ఇల్లు కొనుక్కున్న తెలుగువాడి ముందుకు, అపార్టుమెంటు వద్దనే అర్జీ వస్తుంది. ఆ అర్జీమీద సంతకం పెట్టే ముందు, తన గుమ్మంలోకి తాను ఎవరి భుజాలమీద ఎక్కి వచ్చాడో ఒక్క క్షణం ఆలోచించాలి.

కాని అతన్ని అక్కడ తప్పుపట్టి ఇక్కడ చేతులు దులుపుకోలేం. విడి ఇళ్ళ పేట ఆలోచన అతనికి అమెరికాలో కొత్తగా అబ్బిందా? ఊరు ఒకచోట, వాడ ఒకచోట. మధ్య పొలమో వాగో. అగ్రహారానికి జోనింగు బోర్డు అక్కరలేకపోయింది, స్మృతులు చాలాయి. ఈనాడు గేటు కాలనీ వాచ్‌మన్ అడిగే ప్రశ్నలకూ, అద్దె ఇంటి యజమాని ఇంటిపేరు అడిగి తేల్చుకొనే సంగతికీ వంశవృక్షం అదే. చట్టం విషయంలో మనం అమెరికాకన్న వెనకబడి ఉన్నామంటే కొందరికి కోపం రావచ్చు. దస్తావేజులలోని జాతి షరతును అమలుచేయరాదని అక్కడి కోర్టు 1948లో చెప్పింది. అహమ్మదాబాదులో ఒక సహకార గృహనిర్మాణ సంఘం పార్సీలకు మాత్రమే సభ్యత్వం ఇస్తామని నియమం పెట్టుకొంటే, అది చెల్లుతుందని మన సుప్రీంకోర్టు 2005లో తీర్పు చెప్పింది.

ఇక పేదలకు ప్రభుత్వం కట్టే ఇళ్ళు ఎక్కడ వస్తున్నాయో చూడండి. 2023లో తెలంగాణ ప్రభుత్వం కొల్లూరులో 15,660 డబుల్ బెడ్‌రూమ్ ఇళ్ళు ప్రారంభించింది. అన్ని ఇళ్ళు కట్టటం చిన్న సంగతి కాదు, మెచ్చుకోవలసిందే. కాని అవి ఉన్నది నగరం అంచున, సంగారెడ్డి జిల్లాలో. జూబిలీహిల్స్ ఇళ్ళలో అంట్లు తోమే మనిషికి జూబిలీహిల్స్‌లో ఇల్లెందుకు కట్టరాదని శాసనసభలో ఎవరూ పట్టుబట్టలేదు, మనమూ పట్టుబట్టలేదు. మౌంట్ లారెల్ మేయరు నోరు విప్పి అన్నమాట, ఇక్కడ ఎవరూ అనకుండానే అమలవుతున్నది.

అంచేత మన కర్తవ్యం స్పష్టం. బిల్డరు లాభాన్ని నియంత్రించాలి, అద్దెలను నియంత్రించాలి, ప్రభుత్వం తానే ఇళ్ళు కట్టాలి. ఆ ఇళ్ళు ఊరి నడుమ, బడికీ ఆస్పత్రికీ పనికీ దగ్గరగా కట్టాలి. ఎవరినీ వెళ్ళగొట్టకుండా కట్టాలి. ఇవన్నీ జరగాలంటే ముందు గోడ పోవాలి. గోడను అట్లా ఉంచి ప్రభుత్వ గృహాలు కావాలనటం, గుడి తలుపు మూసి ప్రసాదం అందరికీ పంచుతామనటం వంటిది. ఆ గోడవెనకనుంచి బిల్డరును తిట్టే కేకలు వినబడితే మనం మురిసిపోనక్కరలేదు. గోడకు అవతల వానలో నిలబడ్డవాడు ఏమంటున్నాడో ముందు వినాలి. అతడు అడుగుతున్నది సిద్ధాంతం కాదు, ముప్పై ఆరు వాటాలు.